30 ఎంఎల్, 29 నిమిషాలు: పంక్ రాక్‌నీ సింగిల్ మాల్ట్‌నీ కలిపి మొదలుపెట్టడం ఎలా

ముందే చెప్పేస్తా, పంక్ అనే స్పీడ్‌గా, మొరటుగా వాయించే రాక్ సంగీతానికీ సింగిల్ మాల్ట్ అనే విస్కీకీ పుట్టుకతో సంబంధం ఏమీ లేదు. 1976, 77 టైంలో లండన్ పంక్ పిల్లలు తాగింది చవక లాగర్ బీరు. సింగిల్ మాల్ట్ అప్పటికి పెద్దోళ్ళ సరుకు, అది కూడా అందరికీ తెలిసింది కాదు, స్కాట్లాండ్‌లో కాచిన మాల్ట్‌లో ఎక్కువ భాగం బ్లెండెడ్ విస్కీల్లో కలపడానికే పోయేది, గ్లెన్‌ఫిడిక్ వాళ్ళు 1963లో దాన్ని విడిగా బయటి మార్కెట్లలో గట్టిగా అమ్మడం మొదలుపెట్టాకే మెల్లగా జనానికి అలవాటైంది. మరి ఎందుకు కలుపుతున్నా అంటే, రెండిటి గురించీ మన దగ్గర వినపడే మాటలు ఒకేలా ఉంటాయి. ఒక బ్యాచ్ ఏమో "అదేం మ్యూజిక్ రా, రేకుల షెడ్డు మీద రాళ్ళు పడ్డట్టు" అంటారు, "ఏదైనా మందే కదా, సోడా కొట్టి లాగించెయ్" అంటారు. ఇంకో బ్యాచ్ ఇంకా డేంజర్, షెల్ఫ్‌లో సీసాలూ రికార్డులూ చూపించి, పేర్లు వరసపెట్టి చదివి, కొత్తగా వచ్చినోణ్ణి భయపెట్టి పంపించేస్తారు. ఈ రెండు బ్యాచ్‌ల మధ్యలో చెవీ ముక్కూ వాడేవాళ్ళు చాలా తక్కువ.

నేను చెప్పేది సింపుల్. రెండిటినీ కొంచెం కొంచెంగా, పూర్తి ధ్యాస పెట్టి తీసుకోండి. మొత్తం సాయంత్రానికి 60 ఎంఎల్, అంటే రెండు స్మాల్ పెగ్గులు, అంతకుమించి వద్దు, ఎందుకంటే మూడో పెగ్గు దగ్గర్నుంచి ముక్కు పనిచెయ్యదు, చెవి కూడా అన్నీ బాగున్నాయనే చెప్తుంది. 21 దాటనివాళ్ళు పాటల వరకే చదువుకోండి, బండి తీయాల్సిన రోజు ఇది పెట్టుకోకండి. తాగే అలవాటు లేనివాళ్ళు దీనికోసం కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు, ఫిల్టర్ కాఫీ పెట్టుకుని పాటల సగం చేసినా లాస్ ఏం లేదు.

సీసా కొనడం

వైన్ షాపుకి వెళ్ళి సింగిల్ మాల్ట్ అనగానే కౌంటర్లో ఉన్నాయన రేటు ఎక్కువున్నది తీసి చూపిస్తాడు, ఆగండి. ముందు లేబుల్ చదవండి. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, పూర్తిగా మొలకెత్తించిన బార్లీతో, పాట్ స్టిల్ అనే రాగి బానలో కాచింది. సింగిల్ అన్నారు కదా అని ఒకే పీపాలోది అనుకోకండి, ఆ డిస్టిలరీ వాళ్ళు వంద పీపాలు కలిపినా అది సింగిల్ మాల్టే. స్కాట్లాండ్‌లో అయితే రూల్ గట్టిగా ఉంది, 700 లీటర్లకి మించని ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్ళు ఉండాలి, సీసాలోకి వచ్చేటప్పుడు ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. మన దగ్గర మామూలుగా అమ్ముడయ్యే విస్కీల్లో చాలావాటికి బేస్ చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్, దాంట్లో కొంచెం మాల్ట్ కలుపుతారు, అందుకే యూరప్‌లో వాటిని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. ఇది తిట్టడం కాదు, దాని పని వేరు దీని పని వేరు అంతే.

లేబుల్ మీద నేను చూసేవి మూడు. ఒకటి, 46 శాతం లేదా ఆ పైన ఉందా. రెండు, చిల్ ఫిల్టర్ చెయ్యలేదు అని రాశారా. మూడు, రంగు కలపలేదు అని రాశారా. విస్కీని బాగా చల్లబరిచి వడగడితే అందులో ఉండే కొవ్వు లాంటి పదార్థాలు పోతాయి, అప్పుడు ఐస్ వేసినా అద్దంలా క్లియర్‌గా ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ నాలుక మీద ఆ జిడ్డుదనం, ఆ బరువు కూడా కొంచెం పోతుంది. రంగు అంటే ఈ150ఏ అనే కారమెల్, అన్ని బ్యాచ్‌లూ ఒకే కలర్‌లో కనపడ్డానికి వేస్తారు, స్కాచ్‌లో కూడా అది లీగలే. జర్మనీలో ఉన్న మనవాళ్ళకి ఒక సౌకర్యం, అక్కడ రంగు కలిపితే లేబుల్ మీద ఆ సంగతి వెయ్యాలి, కాబట్టి సీసా తిప్పి చూస్తే దొరికిపోతుంది.

క్రాఫ్ట్ (చిన్న ఎత్తున, చేత్తో చేసింది అన్నట్టు) అనే మాటకి మాత్రం స్కాచ్ రూల్స్‌లో ఏ కొలతా లేదు, ఎవడైనా రాసుకోవచ్చు. దాన్ని నమ్మకండి, వాళ్ళు ఏం చేస్తారో చూడండి. ఉదాహరణకి స్ప్రింగ్‌బ్యాంక్ డిస్టిలరీ, స్కాట్లాండ్‌లోని కాంప్‌బెల్‌టౌన్‌లో ఉంటుంది, బార్లీని నేల మీద పరిచి, మనుషులు పారలతో తిరగేసి మొలకెత్తించే పద్ధతి, తమకి కావాల్సిన మాల్ట్ మొత్తం అలానే చేసుకుంటారు. ఐలా దీవిలో కిల్‌హోమన్ 2005లో ఒక పొలంలో మొదలైంది, వాళ్ళ దగ్గర ఒక రకం ఉంది, బార్లీ పండించడం దగ్గర్నుంచి సీసాలో పొయ్యడం దాకా అంతా ఆ దీవిలోనే. ఫైఫ్‌లో డాఫ్ట్‌మిల్ ఇంకా విచిత్రం, వ్యవసాయం చేసుకునే కుటుంబం, పొలం పని లేని సీజన్లలో విస్కీ కాస్తారు, 2005 చివర్లో కాచడం మొదలుపెట్టి మొదటి సీసా 2018లో గానీ అమ్మలేదు. పన్నెండేళ్ళ పైన! మన దగ్గర ఏ ఫైనాన్స్ కంపెనీ ఊరుకుంటుంది చెప్పండి.

కానీ మొదటి సీసా ఇవేవీ వద్దు, దొరకడం కష్టం, రేటు కూడా. మొదటిసారికి ఇండియన్ మాల్ట్ తీసుకోండి. గోవాలో చేసే పాల్ జాన్ బ్రిలియన్స్ నా ఓటు, 46 శాతం, పొగ వాసన లేదు, చిల్ ఫిల్టర్ లేదు. రెండోది బెంగళూరు అమృత్ ఫ్యూజన్, 50 శాతం, ఇందులో మామూలు ఇండియన్ బార్లీతో కాచిందీ, పీట్ అనే ఎండబెట్టిన చిత్తడి నేల గడ్డని కాల్చి, ఆ పొగ పట్టించిన స్కాటిష్ బార్లీతో కాచిందీ కలుస్తాయి. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఈ రెండు సీసాలూ పంచుకుంటే సరిపోతుంది, చిన్న సైజు దొరికితే ఇంకా మంచిది.

అమృత్ కథ పంక్ వాళ్ళకి నచ్చే కథే. కంపెనీ 1948 నాటిది, కానీ సింగిల్ మాల్ట్‌ని 2004 ఆగస్టులో నేరుగా గ్లాస్గోలో, స్కాట్లాండ్ గడ్డ మీద రిలీజ్ చేశారు, ఆ తర్వాత కొన్నేళ్ళకి గానీ ఇండియాలో అమ్మలేదు. రామోన్స్ అనే పంక్ బ్యాండ్‌ది కూడా ఇలాంటిదే, న్యూయార్క్‌లో సీబీజీబీ అనే ఇరుకు బార్‌లో వాయించుకునేవాళ్ళు 1976 జులై 4న లండన్ రౌండ్‌హౌస్‌లో వేల మంది ముందు నిలబడ్డారు. ఇంట్లోవాళ్ళకంటే బయటోళ్ళు ముందు గుర్తించడం అనమాట.

ఏజ్ నంబర్, అంటే పీపాలో ఎన్నేళ్ళుందో చెప్పే అంకె చూసి తేల్చెయ్యకండి. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, బెంగళూరు ఎండకి అది 10 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. లెక్కేసుకోండి, 200 లీటర్ల పీపా ఐదేళ్ళకి అక్కడ 180 లీటర్లు మిగిలితే ఇక్కడ 118 మిగులుతుంది. వేడికి చెక్కలోంచి రంగూ రుచీ కూడా అంతే స్పీడ్‌గా దిగుతాయి. అందుకే మన సీసాల మీద 12, 18 లాంటి నంబర్లు సాధారణంగా కనపడవు, కనపడకపోతే తక్కువ సరుకు అని కాదు.

గ్లాసు, నీళ్ళు, మంచింగ్

గ్లాసు అడుగు లావుగా, మూతి సన్నగా ఉండాలి, వాసన పైకొచ్చి ముక్కు దగ్గర ఆగడానికి. గ్లెన్‌కెయిర్న్ అని దీనికోసమే చేసిన గ్లాసు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. స్టీల్ గ్లాసు వద్దే వద్దు. గిన్నెలు తోమే లిక్విడ్ వాసన గ్లాసుకి పట్టేసి ఉంటుంది, వేడి నీళ్ళతో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి, బీరువాలోంచి తీసింది అలాగే వాడితే చెక్క వాసనో కలరా ఉండల వాసనో చూసి "ఆహా ఓక్" అనుకుంటారు.

నీళ్ళు ఫిల్టర్‌వి, ఫ్రిజ్‌లోవి కాదు. పక్కన ఒక టీస్పూన్, కుదిరితే చిన్నపిల్లల మందు డ్రాపర్. సోడా, కూల్ డ్రింక్ ఆ రోజుకి సెలవు.

మంచింగ్ దగ్గరే మనవాళ్ళతో గొడవ. మిర్చి బజ్జీ, చికెన్ పకోడి, నిమ్మకాయ పిండిన ఉల్లిపాయలు, ఇవన్నీ గొప్పవే, కానీ నాలుక మీద కారం ఉంటే 46 శాతం ఆల్కహాల్ ఆ మంటని రెట్టింపు చేస్తుంది తప్ప ఇంకేం తెలియనివ్వదు. ముందే పెరుగన్నమో పప్పన్నమో తినేసి కూర్చోండి. మధ్యలో కావాలంటే ఉప్పు లేని జీడిపప్పు నాలుగు, అంతే. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. రూమ్‌లో అగరొత్తి, రూమ్ ఫ్రెషనర్, వంటింట్లో పోపు, ఏదీ ఉండకూడదు, మీరు కూడా సెంటు కొట్టుకోకండి.

సౌండ్

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. ఒకే బ్లూటూత్ డబ్బా ఉన్నా కుదరదు, కారణం పాట దగ్గరికి వచ్చాక చెప్తా. రెండు చెవులకీ ఇయర్‌ఫోన్స్, లేకపోతే రెండు స్పీకర్లు దూరంగా పెట్టుకోండి. యాప్‌లో ఈక్వలైజర్, బాస్ బూస్ట్ ఆఫ్ చెయ్యండి. షఫుల్ ఆఫ్. ఇది ముఖ్యం, ఈ రికార్డుల్లో పాట తర్వాత పాట ఎందుకు వచ్చిందన్నది కూడా వినాల్సిన విషయమే. లిరిక్స్ తెరవకండి, మొదటిసారి మాటలు అర్థం కాకపోయినా పర్లేదు, ఆ లండన్ యాసలు అమెరికా వాళ్ళకే సగం అర్థం కావు.

మన ఊళ్ళల్లో రాక్ వినేవాళ్ళు ఎక్కువమంది మెటల్ నుంచో పింక్ ఫ్లాయిడ్ లాంటి పొడుగు పాటల బ్యాండ్‌ల నుంచో వస్తారు, కాబట్టి చెవి ఆటోమేటిక్‌గా గిటార్ సోలో కోసం ఎదురుచూస్తుంది. అది రాదు. ఆ ఎదురుచూపు పక్కన పెట్టి కూర్చుంటే సగం పని అయిపోయినట్టే.

మొదటి 30 ఎంఎల్, రామోన్స్

రికార్డు పేరు కూడా రామోన్స్, 1976 ఏప్రిల్‌లో వచ్చింది. 14 పాటలు, మొత్తం 29 నిమిషాలు. న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ బిల్డింగ్‌లో ఉన్న స్టూడియోలో సుమారు 6,400 డాలర్లతో చేసేశారు, ఆ రోజుల్లో పెద్ద బ్యాండ్‌లు స్టూడియోలో నెలలు నెలలు కూర్చుని లక్షలు తగలేస్తున్న టైం అది. నలుగురూ అన్నదమ్ములు కాదు, ఇంటిపేరు మాత్రం అందరిదీ రామోన్, బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ ఒకప్పుడు వాడుకున్న మారుపేరు నుంచి తీసుకున్నారు.

ఇప్పుడు పని. గ్లాసులో పాల్ జాన్ 30 ఎంఎల్ పోసి, తాగకుండా, ప్లే నొక్కండి.

మొదటి మూడు పాటలు కలిపి ఆరు నిమిషాలు, ఈ ఆరు నిమిషాలూ వాసన మాత్రమే. ముక్కు గ్లాసులో దూర్చకండి, స్పిరిట్ ఘాటుకి ముక్కు మొద్దుబారిపోతుంది, ఇక ఆ రాత్రికి అంతే. గ్లాసుని గడ్డం దగ్గర పెట్టి, నోరు కొంచెం తెరిచి, మామూలుగా ఊపిరి తీస్కోండి, మెల్లగా పైకి తీసుకురండి. ఒక ముక్కు రంధ్రంతో, తర్వాత రెండోదాంతో. మొదట స్పిరిటే కొడుతుంది, రెండో పాట అయ్యేసరికి అది తగ్గి కింద ఉన్నవి బయటికొస్తాయి. ఏం వస్తుందో మీ భాషలో ఫోన్‌లో రాసుకోండి. ఇంటర్నెట్‌లో టేస్టింగ్ నోట్స్ చూస్తే గూస్‌బెర్రీ, మార్జిపాన్, హెదర్ హనీ అని ఉంటాయి, మనలో ఎంతమంది మార్జిపాన్ వాసన చూసి పెరిగాం? పాకం బెల్లం, మామిడి తాండ్ర, ఎండు ఖర్జూరం, యాలక్కాయ, ఎండుకొబ్బరి, కొత్త పరుపులో దూది, ఏది గుర్తొస్తే అది. తప్పు ఆన్సర్ ఉండదు. నాకైతే బ్రిలియన్స్‌లో ముందు తేనె, వెనకాల ఇప్పుడే దంచిన యాలకులు కనపడతాయి, మీకు కనపడకపోతే నా మాట వదిలెయ్యండి.

ఇదే ఆరు నిమిషాల్లో చెవికి ఇంకో పని. మొదటి పాట 2 నిమిషాల 12 సెకన్లు, గిటార్‌తో మొదలై కాసేపటికే అరుపు అందుకుంటుంది. అది అలాగే వినండి. రెండో పాటలో కుడి ఇయర్‌ఫోన్ తీసెయ్యండి. గిటార్ దాదాపు మాయం! బేస్ గిటార్, డ్రమ్స్, గొంతు మిగులుతాయి. ఇప్పుడు అది పెట్టి ఎడమది తీసెయ్యండి, బేస్ పోయి గిటార్ మిగులుతుంది. అరవైల మొదట్లో వచ్చిన స్టీరియో రికార్డుల్లా గిటార్‌ని పూర్తిగా ఒక పక్కకి, బేస్‌ని ఇంకో పక్కకి నెట్టేశారు. ఒకే బ్లూటూత్ డబ్బా వద్దన్నది ఇందుకే. కుడి చెవిలో జానీ రామోన్ గిటార్ ఒంటరిగా వింటే తెలుస్తుంది, ఆ చెయ్యి పై నుంచి కిందకే కొడుతోంది, కింద నుంచి పైకి రావడం లేదు. మామూలుగా గిటార్ వాయించేవాళ్ళు కిందకీ పైకీ కొడితే సగం శ్రమతో అయిపోయే స్పీడ్‌ని ఈయన మొత్తం కింది దెబ్బలతో లాగుతాడు, అందుకే ఆ శబ్దం రంపంలా తెగకుండా సమంగా ఉంటుంది. "వీళ్ళకి వాయించడం రాదు" అనేవాళ్ళని ఆ స్పీడ్‌లో రెండు నిమిషాలు అలా వాయించమనండి, మణికట్టు పట్టేస్తుంది.

నాలుగో పాట దగ్గర స్పీడ్ పడిపోతుంది, అది ప్రేమ పాట, అరవైల్లో అమ్మాయిల గ్రూపులు పాడిన పాటల తీరులో మెత్తగా ఉంటుంది. ఇక్కడ మొదటి గుటక. గుటక అంటే అర టీస్పూన్ అంత. మింగకుండా నాలుక మీద ఐదారు సెకన్లు అటూ ఇటూ తిప్పండి, మండుతుంది, సహజం, మొదటి గుటక పని నోటికి వార్నింగ్ ఇవ్వడమే. రెండో గుటక నుంచి రుచి. మింగాక నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలండి, అప్పుడు వెనక నుంచి ఇంకో వాసన వస్తుంది, చాలామంది మిస్ అయ్యేది ఇదే. ఆ రుచి ఎంతసేపు ఉంటుందో చూడండి, ఒక పాట మొత్తం ఉందంటే మంచి సరుకు, ఈ పాటలు చిన్నవే కాబట్టి కొలత బాగా కుదురుతుంది.

ఏడు పాటలకి మొదటి సైడ్ అయిపోతుంది, పదిహేను నిమిషాల లోపే. ఆపండి. గ్లాసులో సగం మిగిలుండాలి. లేకపోతే మీరు స్పీడ్‌గా తాగుతున్నారు.

నీళ్ళు కలపడం

నీళ్ళు కలిపితే విస్కీ పాడవుతుందనేది ఒట్టి షో. మిగిలిన 15 ఎంఎల్‌లో అర టీస్పూన్ నీళ్ళు వేస్తే 46 శాతం కాస్తా 39 దాకా దిగుతుంది. ఘాటు తగ్గి, ఇందాక కనపడని పండు వాసనలు బయటపడతాయి, కొన్నిసార్లు ఉన్నవి కూడా పోతాయి, రెండూ జరుగుతాయి, అందుకే మొత్తం గ్లాసులో కలపకుండా సగం ఉంచమన్నా. రేపెప్పుడైనా 60 శాతం కాస్క్ స్ట్రెంగ్త్ (పీపాలోది నీళ్ళు కలపకుండా నింపింది) సీసా చేతికొస్తే 30 ఎంఎల్‌కి 10 ఎంఎల్ నీళ్ళు, 45కి వస్తుంది, ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు. చివర్లో మిగిలిన చుక్కలో చిన్న ఐస్ ముక్క వేసి లైటు ముందు పెట్టి చూడండి, సన్నగా మబ్బు పట్టొచ్చు, చిల్ ఫిల్టర్ చెయ్యలేదన్న మాటకి అదే సాక్ష్యం.

రెండో సైడ్, అంటే ఎనిమిదో పాట నుంచి పెట్టి, ఈ నీళ్ళ సగంతో పూర్తి చెయ్యండి. తర్వాత పావుగంట గ్యాప్, ఒక పెద్ద గ్లాసు మంచినీళ్ళు.

ఈ గ్యాప్‌లో బజ్‌కాక్స్ అనే పంక్ బ్యాండ్ రికార్డు స్పైరల్ స్క్రాచ్ వినండి, నాలుగే పాటలు, పది నిమిషాలు. మాంచెస్టర్ కుర్రాళ్ళు, ఇంట్లోవాళ్ళ దగ్గరా ఫ్రెండ్స్ దగ్గరా 500 పౌండ్లు అప్పు చేసి, 1976 డిసెంబర్ 28న రికార్డ్ చేసి, జనవరిలో సొంతంగా నొక్కించుకుని అమ్మారు, ఏ కంపెనీ లేదు. ముందు వెయ్యి కాపీలు వేశారు, చివరికి పదహారు వేల దాకా పోయాయి. నాకు ఇందులో బాగా నచ్చేది అట్ట. ఏ పాట ఎన్నో టేక్, తర్వాత పైన ఏమన్నా అతికించారా లేదా అని దాని మీదే అచ్చేశారు. మంచి చిన్న డిస్టిలరీల సీసా మీద పీపా నంబర్, కాచిన తేదీ, బార్లీ ఎక్కడిది అని రాసి ఉంటుంది చూడండి, అదే బుద్ధి. బోర్‌డమ్ పాటలో గిటార్ సోలో ఒకటి వస్తుంది, మొత్తం రెండే స్వరాలు, అవే మళ్ళీ మళ్ళీ. సోలో అంటే ఇష్టపడే మనలాంటోళ్ళని ఏడిపించడానికే పెట్టినట్టుంటుంది, కానీ మర్నాడు బాత్రూమ్‌లో అదే నోట్లో తిరుగుతుంది, గ్యారంటీ.

రెండో 30 ఎంఎల్, సెక్స్ పిస్టల్స్

పొగ ఉన్న విస్కీ ఎప్పుడూ చివర్లోనే. ముందు తాగితే ఆ పొగ నోట్లోంచి పోదు, తర్వాత పోసింది ఏదైనా చప్పగా ఉంటుంది. పిస్టల్స్‌ని కూడా అందుకే చివర పెట్టా, ఆ రికార్డు సౌండ్ అంత లావు, దాని తర్వాత రామోన్స్ పెడితే పల్చగా వినపడతారు పాపం.

అమృత్ ఫ్యూజన్ పొయ్యండి. ఇది 50 శాతం, ముక్కు ఇంకా దూరంగా పెట్టండి. పీట్ అంటే వేల ఏళ్ళుగా చిత్తడి నేలలో కుళ్ళి గట్టిపడిన నాచూ గడ్డీ, ఇటుకల్లా కోసి ఎండబెట్టి కాలుస్తారు, ఆ పొగలో తడి బార్లీ ఎండుతుంది, పొగలోని ఫినాల్స్ అనే వాసన పదార్థాలు గింజకి పట్టేస్తాయి. దాన్ని పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని భాగాలు అని) కొలుస్తారు, కిల్‌హోమన్, ఆర్డ్‌బెగ్ లాంటివాళ్ళు 50 పీపీఎం చుట్టుపక్కల మాల్ట్ వాడతారు. ఫ్యూజన్‌లో పొగ అంత ఉండదు, కుంపటి ఆర్పేశాక వచ్చే వాసన లాగా వెనకాల ఉంటుంది, ముందు మాత్రం చాక్లెట్, మగ్గిన పండు. డైరెక్ట్‌గా ఐలా విస్కీలోకి దూకితే టించర్ అయోడిన్, హాస్పిటల్ కారిడార్ గుర్తొచ్చి చాలామంది అక్కడే ఆపేస్తారు, అందుకే ఈ దారి.

రికార్డు 1977 అక్టోబర్‌లో వచ్చిన నెవర్ మైండ్ ద బోలక్స్. దీని చుట్టూ గొడవలు అందరికీ తెలిసినవే, టీవీలో లైవ్‌లో బూతులు, రాణిగారి జూబ్లీ టైంలో వచ్చిన సింగిల్‌ని బీబీసీ ఆపేసినా అది చార్ట్‌లో రెండో స్థానం దాకా వెళ్ళడం. ఆ కథలన్నీ తర్వాత చదువుకోండి, కథ ముందు వింటే రికార్డు వినపడదు. చెవికి పని ఏంటంటే, ఇక్కడ గిటార్‌లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. కుదరదు. గిటారిస్ట్ స్టీవ్ జోన్స్ ఒక్కడే ఒక ట్రాక్ మీద ఇంకోటి పరుచుకుంటూ పోయాడు, బేస్ వాయించాల్సిన సిడ్ విషస్ హెపటైటిస్‌తో హాస్పిటల్లో ఉంటే బేస్ కూడా ఎక్కువ భాగం ఈయనే వాయించాడు. ప్రొడ్యూసర్ క్రిస్ థామస్. ఈయనెవరో తెలుసా, 1973లో పింక్ ఫ్లాయిడ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ మిక్సింగ్ దగ్గరుండి చూసినాయన! పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ ఏమో పింక్ ఫ్లాయిడ్ టీషర్ట్ మీద "ఐ హేట్" అని రాసుకుని తిరిగేవాడు. అంటే పంక్ అనగానే ఒక్క టేక్‌లో గబగబా చేసేసింది అనుకునేవాళ్ళకి ఇదొక్కటే చాలు, ఇది ఓపిగ్గా కట్టిన గోడ, ముందు నిలబడి అరిచేవాడు మాత్రం దాన్ని కూలగొడుతున్నట్టు ఉంటాడు. ఆ రెండూ ఒకేసారి వినపడితే మీకు రికార్డు అందినట్టే.

ఈ గ్లాసుని తొందరపడకుండా ఆల్బమ్ మొత్తానికి సాగదియ్యండి, 38 నిమిషాల పైనే ఉంటుంది. మధ్యలో అర టీస్పూన్ నీళ్ళు మామూలే. అయిపోగానే సీసాకి మూత పెట్టి లోపల పెట్టెయ్యండి, "ఇంకొక్కటి" అనిపించే టైం అదే.

తర్వాతి వారాలకి

ఒక్కో సాయంత్రానికి ఒక్క రికార్డు, ఒక్క 30 ఎంఎల్ చాలు, రోజూ అస్సలు వద్దు. వరస నా ఇష్టం ప్రకారం ఇది. క్లాష్ అనే లండన్ బ్యాండ్ మొదటి ఆల్బమ్, 1977 ఏప్రిల్, బ్రిటన్‌లో వచ్చిన వెర్షన్ వెతకండి, అమెరికాలో రెండేళ్ళ తర్వాత పాటలు మార్చి వేశారు. ఇందులో పోలీస్ అండ్ థీవ్స్ అని ఆరు నిమిషాల పాట ఉంది, జమైకా రెగే పాట, జూనియర్ మర్విన్‌ది. పంక్‌లోకి రెగే ఎలా వచ్చిందంటే, లండన్ రాక్సీ క్లబ్‌లో డాన్ లెట్స్ రికార్డులు వేసేవాడు, అప్పటికి వెయ్యడానికి పంక్ రికార్డులే సరిగ్గా లేవు, అందుకని తన దగ్గరున్న రెగే వేసేవాడు, పిల్లలు అది విని పెరిగారు. తర్వాత ఎక్స్-రే స్పెక్స్, పాలీ స్టైరీన్ అనే అమ్మాయి, తండ్రి సోమాలియా మనిషి, పళ్ళకి కనపడేలా క్లిప్పులు పెట్టుకుని స్టేజ్ ఎక్కి శాక్సాఫోన్ పక్కన గొంతు చించుకుని పాడింది, 1977లో. ఇంకా వైర్ వాళ్ళ పింక్ ఫ్లాగ్, 35 నిమిషాల్లో 21 పాటలు, కొన్ని పాటలు అర నిమిషంలో అయిపోతాయి, చెప్పాల్సింది అయిపోయింది కాబట్టి ఆపేశారు. డ్యామ్డ్ వాళ్ళ న్యూ రోజ్ 1976 అక్టోబర్, బ్రిటన్‌లో మొదటి పంక్ సింగిల్ అని దీన్నే అంటారు, అయితే ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ కుర్రాళ్ళు సెయింట్స్ అంతకు ఒక నెల ముందే సొంతంగా సింగిల్ వేసేశారు, ఈ ముచ్చట తెలిసినోళ్ళు తక్కువ. వెనక్కి వెళ్ళాలనుకుంటే స్టూజెస్ ఫన్ హౌస్, 1970. చివర్లో టెలివిజన్ బ్యాండ్ మార్కీ మూన్, రామోన్స్ వాయించిన అదే సీబీజీబీ నుంచే, కానీ టైటిల్ పాట పది నిమిషాలు, రెండు గిటార్‌లు సోలోల మీద సోలోలు. అవును, సోలోలు. ఈపాటికి మీకు రూల్స్ అర్థమయ్యాయి కాబట్టి అవి బ్రేక్ చేసేది కూడా ఇవ్వొచ్చు.

సీసాల సంగతి. నిలబెట్టే ఉంచండి, వైన్‌లా పడుకోబెడితే ఆల్కహాల్ కార్క్‌ని తినేస్తుంది. ఎండ తగలని చోట. సగం దాకా ఉన్న సీసా నెలలు ఆగుతుంది, అడుగున నాలుగు పెగ్గులే మిగిలితే లోపల గాలి ఎక్కువై వాసన మెల్లగా చప్పబడుతుంది, అప్పుడు చిన్న గాజు సీసాలోకి మార్చండి, లేకపోతే ఫ్రెండ్‌ని పిలవండి. మూడో సీసా కొనేటప్పుడు మాత్రం ఫోన్‌లో రాసుకున్న నోట్స్ తియ్యండి. పండూ తేనే ఎక్కువసార్లు రాసుంటే స్ప్రింగ్‌బ్యాంక్ 10 లాంటిది విదేశాల నుంచి వచ్చే కజిన్‌కి చెప్పి పెట్టండి, అందులో పొగ లైట్‌గానే ఉంటుంది. కుంపటి, బూడిద, పొగ అని రాసున్న చోటల్లా పక్కన మెచ్చుకోలు ఉంటే కిల్‌హోమన్ మాకిర్ బే. నోట్స్‌లో ఏమీ లేదు, ఉత్త "బాగుంది" అని మాత్రమే ఉందంటే మూడో సీసా ఇప్పుడే వద్దు, ఉన్న రెండూ అవ్వనివ్వండి.